గాలయ్య చేతిలో తుపాకి

గౌడవెల్లి,
జూన్ 9.

పద్మకు,

పోస్టుల నా ఉత్తరం చూసి ఎవరన్న పోయిండ్రేమో అనుకుంటవు. ఎవరూ పోలేదు. మా ఆయన జైల్ల ఉన్నడు.

ఫోన్ ఎందుకు చేస్తలేదంటవా, మా ఇద్దరి ఫోన్లు స్టేషన్ల గుంజుకున్నరు. ఫ్యాక్టరీల ఎవరి ఫోన్ అన్న అడుగుదామంటే వకీలు శ్రీనివాసరావు సారు, "ఈ కేసు సంగతి ఏ ఫోన్లనూ మాట్లాడకమ్మా, రాయకమ్మా" అన్నడు. అందుకే నువ్వు ఉస్మానియాల ఎమ్మెస్సీ చదివేటప్పుడు రాసుకున్నట్టు రాస్తున్న. చెయ్యి తిరుగుతలేదు. తప్పులుంటే సదురుకో.

మా మామ గాలయ్య పోయి మొన్న మే నెలల ఏడాదైంది. ఆ దినం మా ఆయన వాళ్ళ నాయిన ఫోటోకు దండేసి, పెట్టెల నుంచి మామ సినిమా తుపాకి తీసిండు. నీకు యాదికుండే ఉంటది. మనకు ఇరవై ఏండ్లప్పుడు షామీర్‌పేట గుట్టల కాడ గూండాల సినిమా తీసిండ్రు, మీ బాపు కట్టెతోని తుపాకులు చేసి ఇచ్చిండు, మా మామ గూండాల గుంపుల ఒకడుగ చేసిండు. గా తుపాకి. మా ఆయన దాన్ని మొఖం పక్కన పెట్టుకొని సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టిండు. ఒక్క ముక్క గూడ రాయలేదు కింద. "నాయిన యాదిల" అని రాసినా బతికిపోతుంటిమి.

ప్లాట్లు చేసే వెంచరోళ్ళతోని మాకు గట్టు లొల్లి చాన దినాల నుంచి ఉంది. తెల్లారి వాళ్ళు మా చేను గట్టు మీద రాళ్ళు పాతుతుంటే మళ్ళ లొల్లి అయింది. "మా గట్టు మీదికొస్తే మంచిగుండదు" అన్నడు ఈయన. గంతే అన్నడు. వాళ్ళల్ల ఒకడు స్టేటస్ ఫోటో పట్టుకపోయి, తుపాకి చూపిచ్చి బెదిరిచ్చిండని కేసు పెట్టిండు.

ఇగ అసలు కథ విను. పోలీసులు గల్లీల జీపు దిగుతున్నరనంగ మా అత్త బుచ్చవ్వ ఆ తుపాకిని నీళ్ళ పొయ్యిల పెట్టింది. వాళ్ళు లోపలికొచ్చి "ఏదే తుపాకి?" అంటే, "కాలబెట్టిన సారూ" అన్నది. "తుపాకిని కాలబెడ్తవా ముసల్దానా, మమ్మల్ని ఎక్కిరిస్తున్నవా?" అన్నరు. "కట్టెది గద సారూ, టేకుది, మంచిగ మండింది" అంటాంది ఈమె. వాళ్ళకు మస్తు కోపమొచ్చింది. ఇల్లంతా తోడి పెట్టిండ్రు. ఆ బూడిదతోని తెల్లారి గిన్నెలు గూడ తోమినం.

ఇప్పుడు కట్టెదని చెప్పనీకి కట్టె లేదు. ఆ ఫోటో ఉంది, సినిమా ఉంది. తుపాకులు తెలిసినోళ్ళు ఎవరన్న రెండూ చూసి ఇది అదే అని రాసిస్తే బెయిలు పిటిషన్‌తోని పెడ్తనన్నడు వకీలు. సినిమాలల్ల తుపాకులు చూసి ఏది ఏ రకమో కంప్యూటర్ల రాస్తనని నువ్వు చెప్తే అప్పుడు నవ్విన. "గిదేం పిచ్చే నీకు" అన్న. ఇప్పుడు దండం పెడ్తున్న.

వకీలు ఇచ్చిన ఫోటో ఇందుల పెట్టిన. మా ఇంటికి మాత్రం రాకు. వచ్చేటోళ్ళను, పోయేటోళ్ళను వాడకట్టంతా లెక్కపెడ్తాంది.

నీ శోభారాణి

*

అలియాబాద్,
జూన్ 13.

శోభా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి బుచ్చవ్వ దగ్గర నవ్వొచ్చింది. నవ్వినందుకు ఏమనుకోకు. నవ్వి చాలా రోజులైంది.

అమ్మ తుంటి విరిగిన సంగతి నీకు తెలుసు. మార్చిలో కాలేజీ ఉద్యోగం మానేశాను. మధ్యాహ్నం అమ్మకు కునుకు పట్టాక కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఎక్కడెక్కడి వాళ్ళమో కలిసి నడిపే వెబ్‌సైటు అది. సినిమాను ఆపి ఆపి చూస్తాం. ఏ పాత్ర చేతిలో ఏ తుపాకి ఉందో గుర్తుపట్టి రాస్తాం. పాత్ర పేరు, నటుడి పేరు, తుపాకి రకం, అది కనిపించే చోటు. ఎవరికి పనికొస్తుందని అడిగితే చెప్పలేను. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది కూడా తేల్చుకోలేని దాన్ని కదా నేను. ఈ ఒక్క పనిలో మాత్రం 'ఇది ఇదే' అని రాసి ఊరుకోగలుగుతున్నాను. అందుకేనేమో.

మన గుట్టల దగ్గర తీసిన సినిమాకు పేజీ రాసింది నేనే. అందులో ఇన్‌స్పెక్టర్ చేతిలోది ఆరు గుళ్ళ రివాల్వర్. పెద్ద విలన్‌ది బొంబాయి నుంచి అద్దెకు తెచ్చిన ఇనుప నకలు. అతని మనుషులు ఆరుగురి చేతుల్లో ఉన్నవి బాపు చేసినవి. వాటిని ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. ఎందుకో చెబుతాను, వకీలుగారికి కూడా ఇదే రాశాను.

పిస్టల్ పేలినప్పుడు ఖాళీ తూటా బయటికి ఎగరడానికి ఒక కంత ఉంటుంది. మామూలుగా అది కుడి పక్కన ఉంటుంది. సినిమావాళ్ళు బాపుకు అసలు పిస్టల్ చూపించలేదు, ఒక పోస్టర్ ముక్క చించి ఇచ్చారు. ఆ పోస్టర్‌లో బొమ్మను తిరగేసి అచ్చువేశారు. బాపు ఇస్తారి వడ్రంగి, తలుపులు, నాగళ్ళు చేసినవాడు, ఆయనకేం తెలుసు. చూసింది చూసినట్టు చెక్కాడు. ఆరింటికీ కంత ఎడమ పక్కన వచ్చింది. నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి నల్లరంగు వేసి వాకిట్లో ఆరబెట్టి ఉన్నాయి. నేను పకపకా నవ్వాను. "బాపూ, గూండాలందరూ ఎడమచేతి వాటపోళ్ళా?" అన్నాను. "సినిమాల తుపాకి పేల్తదా బిడ్డా, గుండు ఎల్తదా? ఏ పక్కుంటే ఏంది?" అన్నాడు. రంగు డబ్బా మూసి లోపలికి వెళ్ళాడు.

నువ్వు పంపిన ఫోటోను భూతద్దం పెట్టి చూశాను. ధర్మేందర్ అన్న చేతిలో ఉన్నదానికి కంత ఎడమ పక్కనే ఉంది. ప్రపంచంలో కంత ఆ పక్కన ఉన్న పిస్టళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, వాటి ఆకారం వేరు. కాబట్టి ఇది బాపు చేసినదే. సినిమాలోంచి ఆరు బొమ్మలు అచ్చుతీసి, సంతకం చేసి, వకీలుగారికి పంపాను.

ధైర్యంగా ఉండు. ఇంత ఖచ్చితంగా నేను దేన్నీ రాయలేదు.

పద్మలత

*

గౌడవెల్లి,
జూన్ 18.

పద్మా,

నీ కాగితం చూసి వకీలు సారు కుర్చీల కెళ్ళి లేచిండట. "మీ దోస్తు ఎంత సాఫ్‌గ రాసిందమ్మా, చిన్నపిల్లకు గూడ సమజైతది" అన్నడు. ఇరవై ఏడు తారీఖు నాడు పిటిషన్ మీద వాదన ఉంది. మంచిగనే అయితదంటున్నడు.

ఆదివారం జైలుకు ములాఖత్‌కు పోయి ఆయనకు చెప్పిన. ఇనుప జాలి అవతల ఉంటడు గద, అరిచి చెప్పాలె. "ఇస్తారి బాపు తప్పే మనల్ని బతికిచ్చింది" అని అరిచిన. పక్కనోళ్ళంతా నా దిక్కు చూసిండ్రు. ఆయన నవ్విండు. గడ్డం పెరిగి వాళ్ళ నాయిన లెక్కనే కనిపిచ్చిండు.

మా అత్తకు నీ ఉత్తరం చదివి వినిపిచ్చిన. అంతా విని, "గా పిల్లను మీ మామ సచ్చేది సూడుమని రాయి" అంటాంది. ఆ సినిమా టీవీల ఎప్పుడొచ్చినా ఆమె అన్నం గిన్నె పక్కకు పెట్టి మా మామ చచ్చేదాక చూసి, మళ్ళ గిన్నె పట్టుకుంటది. ముసలామె సంబరం ఆమెది. రాయుమన్నది, రాసిన.

నాకు ఈ వారం పొద్దటి షిఫ్టు. మందుగోలీల డబ్బాలు అట్టపెట్టెలల్ల సర్దుతుంటే చేతులు వాటంతటవే పోతున్నయి, మనసు ఎక్కడుంటదో తెల్వదు. ఇరవై ఏడు అయిపోతే ఒక దినమంతా పండుకుంట.

శోభ

*

అలియాబాద్,
జూన్ 22.

శోభా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక పొద్దున్నుంచి మూడు కాగితాలు చింపాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నిన్న తీగ మీద ఆరిన బట్టలు తీసి మడత పెడుతున్నాను. మా ఆయన చొక్కా జేబు మీద చెయ్యి పడింది. మగవాళ్ళ చొక్కాకు జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. లోపలికి వెళ్ళి ధర్మేందర్ అన్న ఫోటో తీశాను.

అందులో జేబు కుడి రొమ్ము మీద ఉంది.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఫోన్‌లో మన ఫోటో మనమే తీసుకుంటే కొన్ని ఫోన్లు దాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి దాచుకుంటాయి. జేబు తారుమారైంది అంటే ఫోటో అంతా తారుమారైంది. ఫోటోలో ఎడమ పక్కన కనిపిస్తున్న కంత నిజానికి కుడి పక్కన ఉంది. ఆ తుపాకికి కంత ఉండాల్సిన చోటే ఉంది. అంటే అది బాపు చేసిన ఆరింటిలో ఏదీ కాదు.

పదిహేనేళ్ళు పిల్లలకు అద్దంలో ప్రతిబింబం గురించి పాఠం చెప్పాను. బల్ల మీద పెట్టిన ఫోటోలో దాన్ని చూడలేకపోయాను.

ఫోన్‌లో వద్దన్నాడని తెలిసినా ఆగలేక వకీలుగారికి ఫోన్ చేసి నా కాగితం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. "వాళ్ళకెలాగూ తెలియదు కదమ్మా" అన్నాడు. నాకు తెలుసు కదా సార్ అన్నాను. తప్పని తెలిసి నా సంతకం అక్కడ ఉంచలేను శోభా. రేపు అవతలి వకీలు ఎవరైనా జేబు చూస్తే, అన్న అబద్ధం ఆడించాడని అంటారు, ఇంకా ముంచినట్టవుతుంది. ఈ మాట నాకోసం చెప్పుకుంటున్నానో నీకోసం చెబుతున్నానో కూడా తెలియడం లేదు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. బుచ్చవ్వ పొయ్యిలో పెట్టినది ఒకటీ, ఫోటోలో ఉన్నది ఇంకొకటీ కాదు కదా? ఆ వెంచర్ లొల్లి చాన్నాళ్ళ నుంచి ఉందన్నావు. ఎవరైనా ఏదైనా తెచ్చి ఇచ్చి ఉంటే, నీకు చెప్పకుండా ఉండే అవకాశం ఉందా?

పద్మ

*

గౌడవెల్లి,
జులై 8.

పద్మలత మేడంకు,

ఇరవై ఏడు నాడు పిటిషన్ పక్కకు పెట్టిండ్రు. ఆధారం లేదన్నరు. వకీలు సారు మొఖం పక్కకు తిప్పుకొని ఇంకో నెలన్న పడ్తదమ్మా అన్నడు.

మీరు అడిగిన దానికి జవాబు. అవకాశం ఉందా అన్నరు గద. మీ ఉత్తరం వచ్చేదాక నాకు ఆ అవకాశం తట్టనే లేదు. వచ్చినంక వేరేది తట్టలేదు. నాలుగు దినాలు ఫ్యాక్టరీకి పోలేదు. అటక మీద చూసిన, గడ్డివాము కింద చూసిన. దొడ్ల బర్రెకొట్టం వెనక మన్ను మెత్తగ కనిపిస్తే గడ్డపార తీసుకొని తవ్విన. మూడు గుంతలు. మా అత్త అరుగు మీద కూసోని చూసుకుంట, "ఏందే, మంత్రసానివా, మన్నుల కెళ్ళి ఏం తీస్తవు?" అన్నది. చీపురు పుల్ల గూడ దొరకలేదు.

అయినా మనసు ఊకోలేదు. ములాఖత్‌కు పోయి అడిగిన. "నిజం చెప్పు, అది మామదేనా, ఇంకేదన్ననా?" అని జాలి కెళ్ళి అరిచి అడిగిన. అందరు విన్నరు. ఆయన "నువ్వు గూడనా" అన్నడు. అని లోపలికి పోయిండు. ఇంకా టైం ఉండె. అయినా పోయిండు. పోయిన ఆదివారం నేను పోతే బయటికే రాలేదు.

పద్దెనిమిదేండ్ల సంసారంల ఆయన నన్ను ఒక్కనాడు అనుమానించలేదు. నేను ఆయనను అనుమానించలేదు. మీ ఉత్తరం నాలుగు పేజీలది. ఒక్కటి గూడ అబద్ధం లేదు దాంట్ల. అదే నా బాధ.

మీరు చదువుకున్నోళ్ళు, ఖచ్చితం ఉండాలె మీకు. మాకు ఖచ్చితం లేకున్నా నడుస్తుండె.

శోభారాణి

*

అలియాబాద్,
జులై 13.

శోభా,

మేడం అన్నావు. అనిపించుకోవలసినదాన్నే.

నేను క్షమాపణ రాయబోవడం లేదు, అది చదవాల్సిన పని కూడా నీమీద పెట్టడం నాకిష్టం లేదు. ఒక సంగతి మాత్రం వెంటనే చెప్పాలి.

నీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను. పక్క మీద నుంచి అమ్మ, "ఎవలు రాసిండ్రే?" అంది. ఇన్నాళ్ళూ ఆమెకు ఏమీ చెప్పలేదు, ఉన్న నొప్పి చాలదా అని. మొన్న మొత్తం చెప్పాను. బాపు తుపాకులు ఆరు, అన్నింటికీ కంత ఎడమ పక్కనే, అందుకే అన్న చేతిలోది బాపుది కాదు అన్నాను.

"ఆరు గాదే, ఏడు" అంది అమ్మ.

నా చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

"నువ్వు పకపక నవ్వి హాస్టల్‌కు పోయినవ్. మీ బాపు రెండు దినాలు బువ్వ సక్కగ తినలే. నా బిడ్డకు తెలిసింది గింత గూడ నాకు తెల్వకపాయె అన్నడు. మల్ల టేకు ముక్క పట్టుకొని ఒకటి జేసిండు. కంత కుడి పక్క పెట్టిండు. ఇగ నా బిడ్డ నవ్వదు అన్నడు. నీకు సూపియ్యాల్నని సూస్తే, నువ్వొచ్చే యాళ్ళకు సినిమోళ్ళు అన్నీ పట్కపోయిరి."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగినవా?"

శోభా, వెబ్‌సైటులో ఆ పేజీ రాసి మూడేళ్ళయింది. 'ఈ నకళ్ళన్నింటిలోనూ ఒకే పొరపాటు ఉంది' అని పెద్ద కనుక్కున్నదానిలా రాశాను. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకున్నారు. బాపు అప్పటికి బతికే ఉన్నాడు. చదివి వినిపించాను. ఊ కొట్టాడు, అంతే.

వకీలుగారితో మాట్లాడాను. మంచాన ఉన్న ముసలామె ఎప్పుడో ఏడు చూశానంటే ఎవరూ పట్టించుకోరు, ఆ ఏడోది సినిమాలో ఎవరి చేతిలోనైనా కనిపించాలి అన్నాడు. అప్పటి నుంచి సినిమా నాలుగుసార్లు చూశాను. చేతిలో పిస్టల్ ఉన్న ప్రతి పాత్రనూ మళ్ళీ చూశాను. ఎనిమిది మంది. కుడి కంత ఉన్న కట్టె తుపాకి ఎవరి దగ్గరా లేదు. ఒకవేళ తీసుకువెళ్ళి వాడలేదేమో. ఒకవేళ అమ్మ మతిమరుపేమో. చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను.

నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. కానీ బుచ్చవ్వను ఒకసారి అడుగు, ఆ తుపాకి మీ మామయ్యకు ఎలా వచ్చిందో.

పద్మ

*

గౌడవెల్లి,
జులై 16.

పద్మా,

కోపం పోలేదు. కానీ ఇది ఆగేది కాదు, ఫ్యాక్టరీ బస్సుల కూసోని రాస్తున్న. అక్షరాలు ఎగురుతున్నయి.

నీ ఉత్తరం మా అత్తకు చదివిన. ఏడోది అనంగనే కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది. "గదే మీ మామది! నేను మొదటి దినం నుంచి మొత్తుకోవట్టితి, ఆయన సచ్చేది సూడుమని! ఇంటిరా? ముసల్ది వాగుతాంది అనుకుంటిరి" అన్నది. తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"ఆరు తుపాకులు మాటలున్నోళ్ళకు ఇచ్చిండ్రు. మీ మామకు మాటలు లేవు, పరిగెత్తుకుంట వచ్చి సచ్చుడే. ఆయనకు కట్టె ఇచ్చిండ్రు. ఇస్తారి గాడ్నే ఉండె. మా గాలయ్యకు తుపాకి లేదా సారూ, నేను ఇంకోటి తెచ్చిన అని సంచిల కెళ్ళి తీసిండు. మీ మామ గుండు తగిలినట్టు బండ మీద పడ్డడు. పడంగనే తుపాకి మూతి బండకు తాకి పెచ్చు లేచిపాయె. డైరెక్టర్ మస్తు తిట్టిండు. ఇరిగింది మాకెందుకు, పారేయ్ అన్నడు. ఈయన పారేస్తడా? తువ్వాలల సుట్టుకొని ఇంటికి తెచ్చె. ఇరవై మూడేండ్లు పెట్టెల ఉండె. నేనే పొయ్యిల పెట్టిన, నా చేతులు ఇరగ."

ఆడ ఏడ్చింది. తుపాకి కాలిన నాడు గూడ ఏడవలే.

ఆయన పడేది చూడు పద్మా. మూతి చూడు. ఫోటోల గూడ చూడు.

శోభ

*

అలియాబాద్,
జులై 19.

శోభా,

చూశాను.

గంటా యాభై రెండు నిమిషాల దగ్గర ఉంది. మొత్తం రెండున్నర సెకన్లు. గుట్ట మీద నుంచి బనియను తొడుక్కున్న మనిషి పరిగెత్తుకుంటూ వస్తాడు. మొహం కూడా సరిగా కనిపించదు. చెయ్యి ఎత్తగానే కంత కుడి పక్కన కనిపిస్తుంది, స్పష్టంగా. తర్వాత పడతాడు. మూతి బండకు కొట్టుకుని, గురి చూడటానికి పైన ఉండే బుడిపె ఎగిరిపోతుంది. నల్లరంగు కింద నుంచి తెల్లగా కట్టె బయటపడుతుంది. ఇనుము అలా పెచ్చులు లేవదు.

ధర్మేందర్ అన్న ఫోటోలో మూతి కొసన బుడిపె లేదు. దాని చోట ఏటవాలుగా పాలిపోయిన మచ్చ ఉంది. అది మొదటి రోజునే చూశాను. ఎండ మెరుపు అనుకున్నాను. నా చూపంతా కంత మీదే ఉంది, అది నేను కనుక్కున్న తప్పు కదా. ఫోటోను తిరగేసి, సినిమాలో బొమ్మ పక్కన పెట్టాను. పెచ్చు పెచ్చుకు సరిపోయింది.

ఇన్నిసార్లు చూసి ఎందుకు కనిపించలేదో చెబుతాను. మా పేజీలో మొదటి గడి పాత్ర పేరు. పేరు లేని మనిషి ఆ గడిలో పట్టడు. మీ మామయ్య పాత్రకు పేరు లేదు. అందుకని నేను అక్కడ ఒక్కసారి కూడా ఆపలేదు. అక్కడ ఎవరో చచ్చిపోతున్నారని తెలుసు. ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ కోసం చూస్తూ ముందుకు జరిపాను.

వకీలుగారికి కొత్త కాగితం ఇచ్చాను. ఈసారి నేనే వెళ్ళాను, అమ్మను పక్కింటామెకు అప్పజెప్పి. జేబు సంగతి, ఫోటో తారుమారైన సంగతి, ముందు నేను ఎక్కడ తప్పానో, అన్నీ అందులోనే రాశాను. అమ్మ వేలిముద్ర కూడా వేసింది. దీన్ని వెనక్కి తీసుకోను. రాత్రుళ్ళు మళ్ళీ ఏదో ఒకటి తోస్తుంది, నాకు తెలుసు. తోచనీ.

అనుమానపడటం నిజాయితీ అనుకుంటూ ఇంతకాలం బతికాను శోభా. ఏమో, కొంత నిజాయితీయే కావచ్చు. కానీ నేను అలియాబాద్‌లో ఫ్యాను కింద కూర్చుని అనుమానపడ్డాను, జైల్లో కూర్చున్నది ధర్మేందర్ అన్న. అనుమానం వచ్చినప్పుడు ముందు అమ్మను అడగొచ్చు, బుచ్చవ్వ మాట వినొచ్చు. నువ్వు రాశావు కూడా, చచ్చేది చూడమని. అది నేను చదవనే లేదు. చదివాను, వినలేదు.

బాపు మాత్రం మాటిమాటికీ గుర్తొస్తున్నాడు. సంచిలో ఏడో తుపాకి పెట్టుకుని, ఎవరికైనా అక్కరపడుతుందేమోనని గుట్టల దగ్గర నిలబడి ఉంటాడు.

ఆ పేజీలో మామయ్యను చేర్చాను. పాత్ర పేరు రాయమని గడి అడుగుతోంది. 'పేరు తెలియని గూండా' అని రాయడం మా పద్ధతి. రాయబుద్ధి కాలేదు, ఖాళీగా వదిలేశాను. ఏం రాయమంటారో బుచ్చవ్వను అడిగి చెప్పు.

పద్మ

*

గౌడవెల్లి,
ఆగస్టు 10.

పద్మా,

మంగళవారం బెయిలు వచ్చింది, గురువారం ఇంటికొచ్చిండు. లొల్లి పెట్టుకున్న కేసు ఇంకా నడుస్తదట, తుపాకి కేసు మాత్రం నిలబడదన్నడు వకీలు. స్టేషన్ల ఒక సారు సినిమా బొమ్మ, ఫోటో పక్కపక్కన చూసి, "ముసలామె నిజమే చెప్పిందిరా" అన్నడట. మా అత్తకు ఆ మాట చెప్తే, "మరేం జెప్పిన? టేకుదని గూడ జెప్పిన" అన్నది.

పేరు సంగతి అడిగిన. "పాత్ర పేరేంది, ఆయనకు పేరు లేదా? గాలయ్య అని రాయమను. గౌడవెల్లి అని గూడ రాయమను, ఇంకో గాలయ్య అనుకుంటరు" అన్నది. అది చేసింది ఇస్తారి అని రాయనీకి గూడ గడి ఉందా అని అడిగింది. లేకుంటే పెట్టు.

మా ఆయన సంగతి రాస్త. మస్తు చిక్కిపోయిండు. అన్నం తింటడు, బర్రెకు గడ్డేస్తడు, నాతోని కావల్సినంతే మాట్లాడ్తడు. జాలి కాడ నేను అడిగింది ఇద్దరి నడుమ అట్లనే ఉంది. నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు.

నిన్న పొద్దున దొడ్లకు పోయిండు. గుంతలు చూసిండు. నేను పూడ్వలేదు, వానలకు సగం నిండి ఉన్నయి. నేను వాకిట్ల నిలబడ్డ. గడ్డపార ఎక్కడ పెట్టిన్నో అక్కడనే ఉంది, అది గూడ చూసిండు. ఎవరు తవ్విండ్రు, ఎందుకు తవ్విండ్రు అని అడగలేదు. సమజైంది.

లోపలికొచ్చి డబ్బాల కెళ్ళి బీరగింజలు తీసుకపోయిండు. మూడు గుంతలల్ల పెంట వేసి, మన్ను కప్పి, గింజలు పెట్టిండు. చేతులు కడుక్కుంట నా దిక్కు చూడకుండ, "ఇంకేడన్న తవ్వేదుందానే?" అన్నడు.

కోపంగ అన్నడో, ఎకసెక్కంగ అన్నడో తెల్వలేదు. నేను లేదన్న.

"ఉంటే ఇప్పుడే చెప్పు, ఇంకా గింజలున్నయి" అన్నడు.

వచ్చే ఆదివారం నాకు షిఫ్టు లేదు. అమ్మను ఎవరికన్న అప్పజెప్పి రా. వాడకట్టోళ్ళు చూస్తే చూడనీ. ఈ ఉత్తరం చదివి, శోభ నిజంగ మాఫ్ చేసిందా, ఊకెనే రాసిందా అని కూసోని ఆలోచిస్తవు, నాకు ఎర్కే.

నువ్వు గూడ ఇగ తవ్వకు.

శోభ